చేతిపార మెడలోని అతుకు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అతుకు గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం లేఖల ఆనవాయితీ. అయితే మీ కుశలం ఏపాటిదో పనిముట్టును గట్టి నేలలోకి దించి పైకి ఎత్తేదాకా ఎవరికీ తెలియదు కనుక, ఆ మాటను ప్రస్తుతానికి వాయిదా వేస్తున్నాను.

తోటపని పనిముట్లు కొనబోయేవారు రేకు మెరుపు చూస్తారు, పిడి రంగు చూస్తారు, పెట్టెలో ఎన్ని వస్తువులున్నాయో లెక్కపెట్టుకుంటారు. మిమ్మల్ని మాత్రం చూడరు. మీరూ చూడనివ్వరు. రేకూ కాడా కలిసే చోట దట్టంగా రంగు పూయించుకుని, దాని మీదికి నల్లని రబ్బరు తొడుగు లాక్కుని, ఆపైన తయారీ సంస్థ పేరున్న చీటీ ఒకటి అంటించుకుని మీరు సాగించే అజ్ఞాతవాసం ముందు పాండవుల అజ్ఞాతవాసం దిగదుడుపే. వారైనా ఏడాది గడువు తీరగానే సగౌరవంగా బయటికి వచ్చారు. మీరు వెలుగులోకి వచ్చేది పనిముట్టు రెండు ముక్కలైన రోజున మాత్రమే.

మీ మీద నాకు కక్ష ఏమీ లేదు. నా అభ్యంతరమల్లా మిమ్మల్ని కూర్చోబెట్టిన చోటు గురించే. చేతిపారను ఒక కలుపు మొక్క వేరు కిందికి గుచ్చి పిడిని వెనక్కి నొక్కినప్పుడు అది తవ్వే పనిముట్టుగా ఉండడం మానేసి మీటగా మారుతుంది. రేకు మట్టిలో బిగుసుకుని కదలనంటుంది, చేయి పిడి చివర నుంచి కదలాల్సిందే అంటుంది, ఆ ఇద్దరి పంతం మధ్య పుట్టే వంపు బలమంతా వచ్చి సన్నని మెడ మీద పడుతుంది. చేతికీ రేకుకూ మధ్య దూరం పెరిగిన కొద్దీ ఆ బలం కూడా పెరుగుతుంది. మొత్తం పనిముట్టులో అన్నిటికన్నా ఎక్కువ భారం మోయవలసిన ఆ ఒక్క స్థానానికి ఏరికోరి మిమ్మల్ని నియమించారు. అదీ రెండు చుక్కల వెల్డింగు జీతానికి. పైగా వెల్డింగు వేడికి మీ పక్కనున్న లోహం స్వభావమే మారిపోతుంది కనుక, చాలాసార్లు మీరు క్షేమంగానే ఉండి, మీ పొరుగున ఉన్న లోహం విరిగిపోతుంది. అప్పుడు నిర్దోషినని చెప్పుకునే అవకాశం కూడా మీకు దొరుకుతుంది. ఏర్పాటు బాగుంది.

మీ జాతిలో అందరూ ఇలాంటివారే అనడం అన్యాయం అవుతుంది. కాడ చుట్టూ ఎక్కడా తెగకుండా నిండుగా పోసిన అతుకు, తగినంత మందమున్న ఉక్కు మీద, ఏళ్ల తరబడి నిలబడుతుంది. అలాంటి అతుకు తన మీద తొడుగు కప్పుకోదు. కొనేవారు తొడుగు జరిపి చూడబోతే దుకాణదారు ముఖం మారిందంటే, లోపల కొలువున్నది మీరేనని నేను అనుకుంటాను.

మీకు అసలు గిట్టనిది కొలిమి. ఒకే ఉక్కు ముక్కను ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి సమ్మెటతోనో యంత్రంతోనో కొట్టి సాగదీసినప్పుడు, మెడ దగ్గర దళసరిగానూ అంచు దగ్గర పలచగానూ కావలసిన చోట కావలసినంత లోహం మిగులుతుంది, మీ అవసరమే రాదు. ఆ తరువాత దాన్ని కాల్చి నీటిలోనో నూనెలోనో ముంచి పదును పడతారు, మళ్లీ కొద్దిగా కాచి పెళుసుతనం తగ్గిస్తారు. రేకు నుంచి కత్తిరించి ప్రెస్సులో వంచిన చేతిపారకు ఈ చరిత్ర ఏదీ ఉండదు. మెడ నుంచి మొన దాకా దాని మందం ఒక్కటే. అందుకే చీటీ మీద ఏమి రాసి ఉన్నా, రేకు అంచునూ మెడనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి చూస్తే చాలు, అది కొలిమిలోంచి వచ్చిందో కత్తెర కిందనుంచి వచ్చిందో వేళ్లే చెప్పేస్తాయి. మీ యజమానులు ఆ వేళ్లకు అడ్డంగా పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టె కట్టడం యాదృచ్ఛికమని నేను నమ్మలేకపోతున్నాను.

రేకు మందం సంగతి కూడా మీకు తెలియనిది కాదు. ఆ మందాన్ని గేజ్ అనే అంకెతో చెప్పే అలవాటు ఒకటి ఉంది, అందులో అంకె పెరిగితే రేకు పలచబడుతుంది. 14 గేజ్ ఉక్కు రేకు దాదాపు 1.9 మిల్లీమీటర్లు, 18 గేజ్ రేకు దాదాపు 1.2 మిల్లీమీటర్లు. పద్దెనిమిది అనే అంకెను చీటీ మీద పెద్ద అక్షరాలతో, ఏదో బిరుదు ప్రకటించినట్లు అచ్చు వేయించిన చమత్కారి ఎవరో గానీ, కొనేవారి మనస్తత్వం అతనికి బాగా తెలుసు. పలచని రేకు మధ్యలో ఒక గాడి నొక్కితే అది కొంత బిగుస్తుందన్నది నిజమే. అయితే ఆ గాడి మీ దాకా రాకుండా మధ్యలోనే ఆగిపోతే, రేకు వంగకుండా నిలబడి, ఆ భారాన్ని కూడా మీకే అప్పగిస్తుంది.

ఇక మీ ఆప్తమిత్రుడు స్టెయిన్‌లెస్ గారు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ అనే లోహ నిపుణుడు తయారుచేసిన తుప్పు పట్టని ఉక్కు నిజంగా గొప్పదే. కనీసం 10.5 శాతం క్రోమియం ఉండడం వల్ల పైన కంటికి కనిపించని ఆక్సైడు పొర ఒకటి ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. నున్నని రేకుకు తడి మట్టి తక్కువగా అంటుకుంటుంది, కడగడం సులువు. అయితే స్టెయిన్‌లెస్ అన్న ఒక్క మాట కింద గట్టిపడేవీ గట్టిపడనివీ అనేక రకాల ఉక్కులు కాపురం చేస్తున్నాయి. చౌక చేతిపారకు దక్కేది సాధారణంగా ఎంత కాల్చి ముంచినా గట్టిపడని రకమే. తుప్పు పట్టదన్న భరోసాతో దాన్ని కొన్నవారికి, ఏమాత్రం తుప్పు లేకుండా తళతళలాడుతూ వంగిపోయిన చేతిపార మిగులుతుంది. అధిక కర్బనం ఉన్న ఉక్కు తుడవకుండా వదిలేస్తే తుప్పు పడుతుంది, కానీ పదును నిలుపుకుంటుంది, ఆకురాయితో నాలుగు సార్లు దువ్వితే మళ్లీ తెగుతుంది. పని ముగిశాక మట్టి కడిగి, తడి తుడిచి, పలచగా నూనె రాసే ఓపిక ఉన్నవారికి కర్బన ఉక్కే మేలని నా అభిప్రాయం. ఆ ఓపిక లేనివారు గట్టి స్టెయిన్‌లెస్‌కు కాస్త ఎక్కువ చెల్లించడం న్యాయం. ఓపికా లేకుండా, ఎక్కువా చెల్లించకుండా గడపాలనుకునే వారి కోసమే మీరు పుట్టారు.

మీ బంధువర్గం చిన్నది కాదు. పిడిలోకి దిగే ఇనుప తోక, ఆ చోట కర్ర చీలకుండా పట్టి ఉంచే పొన్ను, రెంటినీ కలిపే రివిట్టు, రివిట్టు పని తాను చేస్తానని ముందుకొచ్చే జిగురు, వీరంతా మీ కుటుంబ సభ్యులే. తోక పిడిలో సగం దాకానైనా దిగి, దళసరి పొన్నూ అడ్డంగా రివిట్టూ ఉంటే ఆ శాఖను నేను గౌరవిస్తాను. ఉక్కునే గొట్టంలా చుట్టి కర్రను అందులో దూర్చి రివిట్టు కొట్టిన శాఖ ఇంకా పెద్దమనిషి. జపాను వారి హోరి హోరి అనే తవ్వుడు కత్తిలో మంచి రకాలకు ఉక్కు పిడి లోపల చివరిదాకా సాగి ఉంటుంది కనుక, దాన్ని మీటగా వాడినా మీ పేరు వినబడదు. బొటనవేలంత తోకను రంధ్రంలో గుచ్చి జిగురుతో సరిపెట్టిన రకం మాత్రం ఎండకు కర్ర కుంచించుకోగానే పిడిని చేతిలో వదిలి తాను మట్టిలోనే విశ్రాంతి తీసుకుంటుంది. వదులైన పిడిని నీళ్లలో నానబెడితే బిగుస్తుందన్నది ఒక రాత్రి వైభోగం. ఆరిన తరువాత మునుపటికన్నా వదులవుతుంది. అన్నట్లు, చెక్క పిడికి రంగు వేసి అమ్మేవారిని చూస్తే నాకు మీరే గుర్తొస్తారు. కర్రలోని రేఖలు పిడి పొడవునా తిన్నగా సాగుతున్నాయా, అడ్డంగా తెగి పక్కకు పారిపోతున్నాయా అన్నది కనబడకుండా చేయడానికి అంతకన్నా చవకైన మార్గం లేదు.

మీ కుటుంబంలో నాకు నిజంగా నచ్చిన వ్యక్తి ఒకరున్నారు: కొమ్మలు కత్తిరించే ప్రూనర్ మధ్యనుండే బోల్టు. ఆయన కూడా అతుకే, ఆయన మీదా భారమంతా పడుతుంది. కానీ స్పానర్ పట్టుకుని అడిగితే విడిపోతాడు. విడిపోతాడు కనుక బ్లేడును తీసి సానరాయి మీద నూరవచ్చు, అరిగిన స్ప్రింగును మార్చవచ్చు, వదులైతే బిగించవచ్చు. ఫెలిక్స్ ఫ్లిష్ 1945లో స్విట్జర్లాండులో నెలకొల్పిన ఫెల్కో సంస్థ ప్రూనర్లు అంత పేరు తెచ్చుకోవడానికి ఒక కారణం, అరిగిన భాగాలు విడిగా దొరకడమే. చౌక ప్రూనర్లో ఆ బోల్టు స్థానంలో మీ వంశపు రివిట్టు ఒకరు తల చితగ్గొట్టించుకుని శాశ్వతంగా కూర్చుంటారు. బ్లేడు మొద్దుబారినా, ఇరుసు వదులైనా, రెండు దవడల మధ్య సందు పడి కొమ్మ తెగకుండా నలిగి చీలినా ఆయన లేవరు. కాబట్టి ప్రూనర్ కొనేవారు దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న బ్లేడు ఏ దేశానిదని కాదు. దీనికి విడి బ్లేడూ స్ప్రింగూ దొరుకుతాయా అన్నది. దొరకవని చెప్తే, ఆ వస్తువు ధర ఎంత తక్కువైనా అది ఒక్క బ్లేడు ధర కిందే లెక్క.

జీవితకాల గ్యారంటీ గురించి కూడా రెండు మాటలు అనాలని ఉంది. ఎవరి జీవితకాలమో అందులో రాయరు. చిన్న అక్షరాలలో మాత్రం మీటగా వాడితే వర్తించదని రాస్తారు. అంటే చేతిపారను నేలలో గుచ్చి, అక్కడే గౌరవంగా వదిలిపెట్టి, మట్టిని మాత్రం వేళ్లతో తీసుకోవాలన్నమాట.

పెట్టెలో పది వస్తువులు పెట్టి ఒక్క ధరకు అమ్మే పద్ధతి మీ యజమానుల కళ్లకు మహత్తరమైనదే కావచ్చు. అందులో గింజలు నాటే పుల్ల ఒకటుంటుంది, దాని పని ఎండిన కొమ్మ కూడా చేస్తుంది. నీళ్లు చల్లే సీసా ఒకటుంటుంది. ఆకులు పోగుచేసే చిన్న పళ్లగొర్రు ఒకటుంటుంది, దాని మీద పెద్దగా బలం పడదు కనుక అందులో మీరున్నా నాకు అభ్యంతరం లేదు. బలం పడేవి మూడే: చేతిపార, కలుపు తీసే బొరిగె, ప్రూనర్. పది వస్తువులకు పెట్టే సొమ్మును ఈ మూడింటి మీద పెట్టడం, సరిపోకపోతే ఒక్కొక్కటిగా కొనుక్కోవడం మీ కొలువుకు గండమని నాకు తెలుసు. అయినా ఆ సలహా ఇవ్వకుండా ఉండలేను. ధర ఎక్కువైనంత మాత్రాన మంచిదని భ్రమపడవద్దని కూడా చెప్తాను, ఎందుకంటే మీరు ఖరీదైన పెట్టెలలోనూ, తోలు సంచీల పక్కనా, పట్టు రిబ్బను కింద కూడా దర్శనమిచ్చిన సందర్భాలున్నాయి.

కనుక నా విన్నపం చిన్నది. ఇకపై తొడుగు తీసి, రంగు గీకించుకుని, చీటీ మీద సంస్థ పేరుకన్నా ముందు మీ పేరు వేయించుకోండి. ఎంత పొడవున వెల్డింగు చేశారో, కింద ఉక్కు ఎన్ని మిల్లీమీటర్లో రాయించండి. అలా కనబడ్డాక కూడా మిమ్మల్ని కొనుక్కున్నవారి తరఫున ఇలాంటి లేఖ రాయనని హామీ ఇస్తున్నాను.

ఇట్లు,
మెడ తడిమి గానీ కొనని
ఒక తోటమాలి

తా.క.: పిడికి అవిసె నూనె పట్టిస్తే కర్ర ఎండకూ తడికీ తట్టుకుంటుందని మీ బంధువు పొన్ను గారికి తెలియజేయగలరు. అయితే ఆ నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేయవద్దనీ, విప్పి ఆరుబయట ఆరేయమనీ మరీ మరీ చెప్పండి. ఆ నూనె ఆరుతూ వేడెక్కుతుంది, చుట్టిన గుడ్డ దానంతట అదే అంటుకోగలదు. పనిముట్లు దాచుకునే కొట్టం తగలబడిన నింద కూడా మీ మీదే పడడం నాకు ఇష్టం లేదు.