బెల్లం షుగరెలా అవుతుందే?

రాష్ట్రంలో డాక్టర్లకు కొరత ఉందన్నవాళ్లెవరూ మా బంధువుల వాట్సాప్ గ్రూపు చూసి ఉండరు. 2021 మేలో కర్ఫ్యూ పెట్టి, మధ్యాహ్నం పన్నెండు కాగానే బెజవాడలో కొట్లన్నీ కట్టేస్తున్న రోజుల్లో కూడా, ఆ గ్రూపులో ఓపీ మాత్రం ఇరవై నాలుగ్గంటలూ నడిచింది. పేషెంటు ఒక్కతే. సత్యనారాయణపురంలో ఉండే మా మేనకోడలు, ఆరో నెల. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలాగి చూస్తే 168 వచ్చింది. 140 వస్తే చాలు, గర్భిణికి షుగరు ఉన్నట్టే లెక్క.

వెంటనే వీడియో కాల్లో నిపుణుల సంఘం కూర్చుంది. గుంటూరు పెద్దమ్మ ఫోనుని మంచం మీద పడుకోబెట్టి, మా అందరికీ సీలింగ్ ఫ్యానుని చూపిస్తూనే కషాయం రాసిచ్చేశారు. అల్లం, మిరియాలు, ధనియాలు, ఘాటు తెలియకుండా నిమ్మకాయంత బెల్లం. పూటకో గ్లాసు తాగితే కరోనా గుమ్మం కూడా తొక్కదట.

"పెద్దమ్మా, నాకు షుగరు కదా" అంది పిల్ల.

"బెల్లం షుగరెలా అవుతుందే? బెల్లం బెల్లమే!" అంది ఫ్యాను.

హైదరాబాదు బాబాయిగారు మ్యూట్ తియ్యకుండానే చేతులూపుతూ చాలాసేపు ఉపన్యసించారు. ఆ సభ మొత్తంలో పనికొచ్చిన సలహా అదే. ఇంకొకావిడ నూజివీడు రసాలు బుట్టెడు పంపించారు. ఊరంతా కదలడానికి లేకపోతే ఆ బుట్ట ఏ దారిన వచ్చిందో పోలీసువారు కనుక్కోవాలి. తినకపోతే పుట్టే బిడ్డకి చెవిలో చీము కారుతుందట!

తిన్నాక కాసేపు నడవమని డాక్టరమ్మ చెప్పారు. రోడ్డు మీద కరోనా భయం, మేడ మీద అసోసియేషన్ వారి తాళం. పాపం, హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి తిరిగేది. తిన్న రెండు గంటలకు 120 లోపు రావాలని వేళ్లన్నీ గుచ్చుకునేది.

ఇంతవరకూ నవ్వుకున్నాం, సరే. తిండితో లొంగక డాక్టరమ్మ ఇన్సులిన్ రాస్తే, "మొదలుపెడితే జన్మంతా వదలదు, బిడ్డకి కూడా ఎక్కుతుంది" అన్నాడో పెద్దమనిషి. ఆ మాటకి హడలి వాళ్లమ్మ ఇన్సులిన్‌ను ఫ్రిజ్ తలుపు అరలో మాగాయ సీసా వెనక్కి తోసేసింది. అయ్యా, గర్భసంచిలోని మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డకి చేరేది ఇన్సులిన్ కాదు, తల్లి ఒంట్లోని షుగరు! అది ఎక్కువైతే బిడ్డ లావెక్కి కాన్పు కష్టమవుతుంది, పుట్టగానే ఆ పసిగుడ్డుకి షుగరు పడిపోతుంది. మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ని సరిగా పనిచేయనివ్వక వచ్చిన జబ్బుకి, "స్వీట్లు తెగ మెక్కుంటావ్" అని ఆ పిల్లనే ఏడిపించారు. కాన్పయ్యాక చాలామందికి తగ్గిపోతుందన్న ముక్క ఒక్కరి నోటా రాలేదు.

ఇన్సులిన్ వద్దన్న ఆ పెద్దమనిషికీ షుగరే. ఆయన మాత్ర టిఫినుకి ముందు బల్ల మీద లేకపోతే ఇంట్లో కంచం ఎగురుతుంది.