గోడలకు రంగులు సరే, కింద ఫుట్‌పాత్ సంగతేంటి?

బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు వెళ్తే ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా తెలుగే వినిపిస్తుంది, ఉద్యోగం కోసం వచ్చి అద్దె ఇల్లు తీసుకుని చివరికి ఇదే సొంతూరు చేసుకున్న వాళ్లు మనోళ్లలో ఎంతమందో, వాళ్లలో నేనూ ఒకడిని. మాది అనంతపురం వైపు. కొత్త ఊరు మన ఊరు ఎప్పుడవుతుందీ అంటే నా మటుకు నాకు రోజూ నడిచే దారిలో గోడలూ బోర్డులూ గుంతలూ కళ్లు మూసుకున్నా గుర్తొచ్చేంత అలవాటైనప్పుడే. అందుకే ఈమధ్య ప్రతి సిటీ గోడలకు బొమ్మలు వేయించే పనిలో పడితే నేను ఆగి మరీ చూస్తాను, బాగున్నాయని సంతోషమూ ఉంటుంది. కానీ అడగాల్సిన మాట ఒకటుంది. ఆ బొమ్మ సిగ్నల్ దగ్గర కార్లో కూర్చున్నోళ్ల కోసమా, ఆ గోడ పక్కన నడిచి పోయేవాళ్ల కోసమా?

ఇక్కడ ఈ పని నిన్నామొన్న మొదలైంది కాదు. 2009లో బీబీఎంపీ, అంటే అప్పటి సిటీ కార్పొరేషన్, రోడ్ల పక్క చాలా గోడలకు పెయింటింగులు వేయించింది. వేసింది ఎవరు? సినిమా హోర్డింగులు, కటౌట్లు, షాపుల బోర్డులు రాసి బతికిన పెయింటర్లు. ఫ్లెక్స్ వచ్చాక వాళ్ల చేతిలో పని పోయింది, ఒక రాత్రిలో ప్రింటయి వచ్చే దాని ముందు రోజుల తరబడి గీసే చెయ్యి ఎలా నిలబడుతుంది, అలాంటోళ్లకు ఆ గోడలు కొన్నాళ్లు అన్నం పెట్టాయి. హంపి రథం, మైసూరు ప్యాలెస్, జోగ్ జలపాతం, పులులూ ఏనుగులూ అన్నీ వేశారు. ఆర్ట్ చదువుకున్న వాళ్లలో కొందరికి అవి నచ్చలేదు, క్యాలెండర్ బొమ్మల్లా ఉన్నాయన్నారు. నాకు మాత్రం ఆ పెయింటర్ల చెయ్యి అంటే గౌరవం, అంత ఎత్తు గోడ మీద కొలతలు తప్పకుండా రథచక్రం దించడం మామూలు విషయం కాదు. నా బాధల్లా వేయించిన వాళ్ల మీదే. ఏ వీధికి వెళ్లినా అదే హంపి, అదే జలపాతం, ఆ వీధిలో బతికే మనుషులది మాత్రం ఒక్క గీత కూడా లేదు. పైగా వేయించాక తిరిగి చూసిన వాళ్లు లేక చాలా చోట్ల ఆ రంగులు వెలిసిపోయి పెచ్చులూడిపోయాయి.

చేతిరాత సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. తెలుగువాడికి ఈ ఊళ్లో దొరికే వరం బోర్డులు. వందల ఏళ్ల కింద తెలుగు, కన్నడ రెండు భాషలకీ ఒకటే లిపి, తర్వాతే విడిపోయాయి, అందుకే వచ్చిన వారానికే సగం బోర్డులు చదివేస్తాం. మన తలకట్టు టిక్కు మార్కులా పైకి లేస్తే వాళ్లది అడ్డంగా సాగి చివర చిన్న వంపు తిరుగుతుంది, ఆ ఒక్క తేడా కంటికి అలవాటైతే బస్సు బోర్డు దగ్గర్నుంచి బేకరీ పేరు దాకా అన్నీ చదవొచ్చు. పాత బజార్లలో బ్రష్‌తో రాసిన కన్నడ అక్షరాలకు ఒక నిండుదనం ఉంటుంది, సున్నా చుట్టిన తీరులోనే పెయింటర్ ఎవరో తెలిసిపోతుంది. 2024లో షాపుల బోర్డుల్లో 60 శాతం కన్నడ ఉండాలని చట్టం తెచ్చారు, నేను దానికి అనుకూలమే, ఉంటున్న ఊరి భాష ఆ ఊరి వీధిలో కనిపించాలి. కానీ చాలా షాపులు చేసిందేమిటంటే కంప్యూటర్లో ఉన్న అదే నాలుగు ఫాంట్లలో ప్రింట్ తీసి లైట్ల పెట్టెలో బిగించడం. చట్టం భాషను కాపాడింది గానీ ఆ అక్షరం రాసే చేతికి పని ఇవ్వలేకపోయింది. కార్పొరేషన్ తన సొంత బోర్డులు, పార్కుల పేర్లు, స్కూలు గోడలు ఇలాంటివైనా ఆ పెయింటర్లకు ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది.

ఇక నడిచేవాడి ఎత్తు నుంచి ఆలోచించిన వాళ్లెవరంటే నేను ముందు చెప్పేది ది అగ్లీ ఇండియన్ పేరుతో 2010 నుంచి పనిచేస్తున్న వాలంటీర్ల గురించి, వాళ్లు పేర్లు చెప్పుకోరు, మాటలు ఆపి పని మొదలెట్టు అన్నదే వాళ్ల పద్ధతి. చెత్త పోసే మూల, ఉచ్చ పోసే గోడ, పాన్ ఉమ్మే స్తంభం, ఇలాంటివి ఎంచుకుని పొద్దున్నే వచ్చి శుభ్రం చేసి రంగు వేసి వెళ్తారు. వాళ్లు గోడ కింది భాగానికి వేసే రంగు గమనించండి, మన ఇళ్ల అరుగులకు వేసే ఎర్రమట్టి రంగు. ఊరికే అందం కోసం కాదు, ఉమ్మినా ఆ మరక కనిపించదు, మరక కనిపించని గోడ మీద ఇంకొకడు ఉమ్మడానికి వెనకాడతాడు. ఫ్లైఓవర్ స్తంభాలకు త్రికోణాల డిజైన్లు వేశారు, స్కేలూ టేపూ పట్టుకుంటే చాలు కాలనీ వాళ్లూ పిల్లలూ ఎవరైనా వేయగలిగేవి. అసలు డిజైన్ అంటే నాకు తెలిసి ఇది, అక్కడ మనిషి ఏం చేస్తాడో చూసి దానికి తగ్గట్టు రంగు ఎంచుకోవడం. మన ఊళ్లలో ఉచ్చ పోయకుండా గోడకు దేవుళ్ల టైల్స్ వరసగా అంటిస్తారు కదా, వెంకటేశ్వరస్వామి, మక్కా, ఏసుప్రభువు పక్కపక్కనే, అదీ ఇలాంటి ఆలోచనే, కాకపోతే అది భయం మీద నడుస్తుంది.

వీధి బొమ్మలు వేసే ఆర్టిస్ట్ బాదల్ నంజుండస్వామి పేరు చాలామంది వినే ఉంటారు. 2015లో సుల్తాన్‌పాళ్య రోడ్డు మీద పెద్ద గుంతలో నీళ్లు నిలిస్తే దాన్ని చెరువులా చేసి ఫైబర్ మొసలిని పెట్టాడు. 2019లో చంద్రయాన్-2 దిగబోయే వారం, వ్యోమగామి సూట్ వేసిన మనిషిని గుంతల రోడ్డు మీద మెల్లగా నడిపించి వీడియో తీశాడు, చంద్రుడి మీద నడుస్తున్నాడనే అనుకుంటాం, ఇంతలో పక్కనుంచి ఆటో పోతుంది. రెండుసార్లూ కార్పొరేషన్ పరుగెత్తుకొచ్చి గుంత పూడ్చింది. ఇందులో నన్ను కదిలించేదేంటంటే ఆ బొమ్మ బతికిందే పోవడం కోసం, గుంత పూడితే బొమ్మ పని అయిపోయినట్టే. అయితే ఆ పక్క వీధి గుంత మాత్రం అలాగే ఉంటుంది, అందరి వీధికీ ఒక ఆర్టిస్ట్ రాడు కదా, ఇది పాలన చేయాల్సిన పని.

కె.ఆర్. మార్కెట్ దగ్గర అరవాణి ఆర్ట్ ప్రాజెక్ట్ వాళ్లు వేసిన గోడ గురించి కూడా చెప్పాలి. 2016లో బెంగళూరులోనే మొదలైన బృందం ఇది, ట్రాన్స్ మహిళలు, వాళ్లకు తోడుగా నిలిచే వాళ్లు కలిసి బొమ్మలు వేస్తారు. ఆ గోడ మీద పెద్ద పెద్ద ముఖాలు, పక్కన కన్నడలో మేమున్నాం అనే మాట. ఆ మార్కెట్ చుట్టూ రోజూ కనిపించే మనుషుల్ని, అందరూ చూసీ చూడనట్టు పోయే మనుషుల్ని, అదే వీధిలో అదే మనుషుల చేతులతో గోడ మీదకి తెచ్చారు. 2024లో ఈ బృందం ఇటలీలో జరిగే పెద్ద ఆర్ట్ ప్రదర్శన వెనిస్ బినాలే దాకా వెళ్లింది. అంత పేరొచ్చింది కాబట్టి గొప్ప అనడం లేదు, పూలు కొనుక్కోడానికి వచ్చిన ఆవిడ తలెత్తితే ఎదురుగా ఉంటుంది చూడండి, అందుకు గొప్ప.

ఇప్పుడు కిందికి చూద్దాం. టెండర్‌ష్యూర్ అని ఒక పద్ధతిలో రెసిడెన్సీ రోడ్డు, సెయింట్ మార్క్స్ రోడ్డు లాంటివి కొన్ని మొత్తం తిరగేసి కట్టారు, కరెంటు కేబుళ్లు పైపులు అన్నీ ఫుట్‌పాత్ కింద గొట్టాల్లోకి పంపి, ఫుట్‌పాత్ వెడల్పు చేసి, కార్ల లేన్లు మొదటి నుంచి చివరి దాకా ఒకే వెడల్పు ఉంచారు. ఖర్చు ఎక్కువని గొడవ జరిగింది, నిజమే ఎక్కువే, కానీ అక్కడ ఒక ముసలాయన చేతికర్రతో ఎవరి సాయం లేకుండా నడుస్తున్నాడు. చర్చ్ స్ట్రీట్‌ను 2018లో రాళ్లు పరిచి తెరిచారు, 2020 నవంబర్ నుంచి కొన్నాళ్లు వారాంతాల్లో బండ్లు ఆపేస్తే వీధంతా జనమే. నడవడానికి చోటు దొరికిన దగ్గర బొమ్మను నిలబడి చూసే తీరిక కూడా దొరుకుతుంది. మా ఏరియాలో ఇంత ఎత్తు మ్యూరల్, అంటే గోడ బొమ్మ, ఉంది, దాని కింద డ్రైనేజీ పలక విరిగి నోరు తెరుచుకుని ఉంది, కాలు ఎక్కడ పెట్టాలో చూసుకునే వాడు ఇక తలెత్తి ఏం చూస్తాడు?

మన దగ్గరా ఇదే జరుగుతోంది. 2016లో ఊళ్ల శుభ్రతకు కేంద్రం ఇచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకులు మొదలయ్యాక తెలుగు రాష్ట్రాల్లో ఏ మున్సిపాలిటీకి వెళ్లినా గోడల మీద అవే చీపుర్లు, అవే చెట్లు, అవే స్లోగన్లు. హైదరాబాద్‌లో అదే ఏడాది ఎం.ఎస్.మక్తాలో ఇళ్ల గోడలకే బొమ్మలు వేశారు, బస్తీలో వేయడం మంచి ఆలోచన, అయితే అలాంటి చోట బొమ్మతో పాటే నీళ్ల పైపూ మురుగు కాలవా బాగుపడాలి, లేకపోతే ఫోటోలు దిగి వెళ్లేవాళ్లకే లాభం.

బెంగళూరులో 2025లో బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. వాళ్లు గోడలకు టెండర్ పిలిచే ముందు మూడు షరతులు రాయాలని నేను గట్టిగా కోరుతున్నాను. బొమ్మ వేసే గోడ పొడుగునా ముందు ఫుట్‌పాత్ బాగుచేసి తీరాలి. వేసే వాళ్లలో ఆ వార్డులో ఉండే బోర్డు పెయింటర్లకు వాటా ఉండాలి, వాళ్ల పేర్లు గోడ మీద రాయాలి. మూడోది, మళ్లీ రంగు వేయడానికి డబ్బు ఆ టెండర్లోనే పక్కన పెట్టాలి. హైదరాబాద్, వైజాగ్, విజయవాడ కమిషనర్లకూ ఇదే నా విన్నపం, మా అనంతపురానికి కూడా.