సనా మసీదు పైకప్పులోని రాతప్రతులు

1972లో యెమెన్ రాజధాని సనాలోని పెద్ద మసీదుకు మరమ్మతులు చేస్తుంటే పైకప్పులో పాత ఖురాన్ ప్రతుల తోలు కాగితాలు గుట్టగా దొరికాయని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. మంచి వ్యాసం. అయితే అందులో వాటిని "దాచిన నిధి" అనడం నాకు నచ్చలేదు. చిరిగిన ఖురాన్ ప్రతిని చెత్తలో పారేయడానికి ఎవరికీ మనసొప్పదు, అందుకే భద్రంగా పైన పెట్టేవారు. మన ఇళ్లలో పాత పంచాంగం, దేవుడి పటం పారేయలేక అటక మీద పెట్టమా?

నన్ను కదిలించింది మాత్రం వాటిలోని ఒక చెరిపి రాసిన ప్రతి. పాత రాత తుడిచేసి, అదే తోలు మీద మళ్లీ ఖురాన్ రాశారు. అతినీలలోహిత కాంతిలో అడుగు రాత కనిపిస్తుంది! కార్బన్ పరీక్షలో ఆ తోలు ఏడో శతాబ్దానిదని తేలింది. ఇప్పుడు అక్కడ యుద్ధం. ఆ ప్రతుల గురించి తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.