కుక్కర్‌లో గులాబీ నూనె దిగదండీ

బెంగళూరు మారతహళ్ళిలోని మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో నెల రోజులుగా ఒకటే వీడియో తిరుగుతోంది. కె.ఆర్. మార్కెట్ నుంచి కేజీ గులాబీలు తెచ్చి కుక్కర్‌లో వేస్తే 10 మిల్లీలీటర్ల నూనె వస్తుందట. మేడ మీద కుండీల్లో పెంచుకుంటే ఏడాది పొడవునా ఆదాయమేనట. గులాబీ నూనె కేజీ లక్షల్లో పలుకుతుందన్న ముక్క ఒక్కటే నిజం.

ముందు లెక్క చూద్దాం. బల్గేరియాలోని కజన్లక్ ప్రాంతంలో నూనె కోసమే డమాస్క్ గులాబీ వేస్తారు. అక్కడ కూడా కేజీ నూనెకు 3,000 నుంచి 5,000 కేజీల పూలు పడతాయి. అంటే కేజీ పూలకు పావు గ్రాము, అటూ ఇటూగా. వీడియో పెట్టినాయన చెప్పే 10 మిల్లీలీటర్లకు ఎంత లేదన్నా పాతిక కేజీలు కావాలి.

"ఏ రోజా అయినా పర్లేదు" అట. మార్కెట్లో కట్టలుగా దొరికే డచ్ రోజాలు పొడవాటి కాడ కోసం, వాడిపోకుండా నిలవడం కోసం తయారుచేసిన రకాలు. ముక్కుకి ఆనించుకున్నా వాసన అంతంతే. పైగా నూనె పూలను తెల్లవారుజామునే కోసి ఆ రోజే బట్టీకెక్కిస్తారు. మన చేతికొచ్చే పూలు అప్పటికే ఓ రాత్రి లారీలో గడిపి ఉంటాయి.

కుక్కర్ సంగతి నేనే చూశాను, నవ్వకండి. రెండు కేజీల రేకులు వేసి, వెయిట్ తీసేసి, ఆ గొట్టానికి రబ్బరు ట్యూబు తగిలించి, చుట్టూ ఐస్ పెట్టాను. రెండు గంటలకు సీసాలోకి నీళ్ళు దిగాయి. వాసన ఉంది గానీ పైన నూనె తెట్టు లేదు. గులాబీ పరిమళంలో ముఖ్యమైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ (బాత్‌రూమ్ ఫినాయిల్ కాదు లెండి) చాలావరకు నీళ్ళలోనే కరిగిపోతుంది. అందుకే బట్టీల్లో ఆ నీళ్ళనే మళ్ళీ కాచి నూనె రాబడతారు. అత్తరుకు పేరుపడ్డ ఉత్తరప్రదేశ్ ఊరు కన్నౌజ్‌లో, రాగి డేగ్ (పూలు ఉడికించే పెద్ద పాత్ర) నుంచి వచ్చే ఆవిరిని సంప్రదాయంగా గంధపు నూనెలోకి దింపుతారు, అది అత్తరు. నాకు దక్కింది పన్నీరు. అదీ మా ఆవిడ వాసన చూసి, రబ్బరు కంపు కొడుతోందని సింకులో పారబోసింది.

ఇక ఏడాది పొడవునా పూత అంటారా? డమాస్క్ ప్రధానంగా ఏడాదికొక్కసారే, అదీ కొన్ని వారాలే పూస్తుంది. బాగా పూయాలంటే చలి పడాలి. బెంగళూరు డిసెంబరు మన చేత స్వెట్టర్ తొడిగిస్తుంది గానీ దానికి చాలదు.

ఇంకొకటి. అసలైన గులాబీ నూనె 20 డిగ్రీల లోపు చల్లదనానికే పేరుకోవడం మొదలుపెడుతుంది. వీడియో చివర్లో ఆయన ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాని మళ్ళీ ఒకసారి చూడండి, నీళ్ళలా జారిపోతోంది.