సరుకు కన్నా ముందు సప్లయర్‌ని చూడాలి

ఏటా సంక్రాంతి దాటిందంటే గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి సంచులు) గుట్టలు పడతాయి. అక్కడ కొనేవాడు సరుకు చూసే తీరు ముచ్చటగా ఉంటుంది. సంచి మూతి విప్పి, చెయ్యి లోపలికంటా దూర్చి గుప్పెడు కాయలు బయటికి లాగుతాడు. రంగు చూస్తాడు, తొడిమ గిల్లుతాడు, కాయను చెవి దగ్గర ఆడించి గింజ గలగలలాడుతోందో లేదో వింటాడు. పిడికిలి బిగించి వదిలి తేమ ఎంతుందో, కళ్లతోనే తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంత కలిసిందో అంచనా కట్టేస్తాడు. అర నిమిషంలో ధర చెప్పేస్తాడు. తరాలుగా వచ్చిన ఈ నేర్పును తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం మాకు లేదు. అయితే ఈ రోజు మిర్చి ఎగుమతిని ముంచేది ఆ గుప్పెట్లో కనిపించేది కాదు.

అఫ్లాటాక్సిన్ అనేది ఆస్పర్‌జిల్లస్ జాతి బూజు తయారుచేసే విషం. కిలో మిర్చిలో మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు, అందులో బి1 రకం 5 మైక్రోగ్రాములు దాటితే యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలో వంతు. పైగా ఈ విషం సంచి అంతటా సమానంగా ఉండదు. ఒక మూల కాయలన్నీ శుభ్రంగా ఉండి, మరో మూల నాలుగు బూజు కాయల్లోనే అంతా పేరుకుని ఉండొచ్చు. అందుకే ఇక్కడి ల్యాబ్‌లో పాసైన లాటు అక్కడి రేవులో ఫెయిలయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ల్యాబ్‌ది తప్పని కాదు. నమూనా తీసిన చోట విషం లేదు, అంతే.

మరి బూజు ఎక్కడ పడుతుంది? కళ్లంలో. పట్టా లేకుండా నేల మీద ఆరబోసినప్పుడు, రాత్రి మంచుకు కప్పకుండా వదిలేసినప్పుడు, అకాల వర్షానికి తడిసిన కాయను ఎండిన కాయలో కలిపేసినప్పుడు పడుతుంది. తొక్కేటప్పుడు కాయ విరక్కుండా ఉండాలనో, తూకం రావాలనో నీళ్లు చిలకరించి సంచుల్లో కుక్కినప్పుడు మరీ పడుతుంది. ఇవన్నీ సంచి మూతి కుట్టేసరికే జరిగిపోతాయి. తర్వాత ఎన్ని పరీక్షలు చేసినా జరిగింది తెలుస్తుందేమో గానీ మంచి సరుకు పుట్టుకురాదు. కాబట్టి కొనేవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఈ కాయ ఎలా ఉంది’ అని కాదు, ‘దీన్ని ఎవరు, ఎక్కడ, ఎలా ఆరబెట్టారు’ అని. సప్లయర్‌ని అంచనా వేయడమంటే మా దృష్టిలో ప్రధానంగా ఇదే.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. 1966లో అమెరికాలో గ్యారీ డిక్సన్ అనే పరిశోధకుడు కొనుగోలు అధికారులను అడిగి, సప్లయర్ ఎంపికలో చూసే అంశాలు 23 అని జాబితా కట్టాడు. నాణ్యత మొదటిది. చెప్పిన టైముకు సరుకు అందించడం రెండోది. సప్లయర్ గత చరిత్ర మూడోది. ధర ఆరో స్థానంలో ఉంది. అరవై ఏళ్ల కిందటి మాట అది. మన కొనుగోళ్లలో మాత్రం ఇప్పటికీ ధరదే మొదటి మాట, చాలాసార్లు చివరి మాట కూడా. ధర కాకపోతే పరిచయం. ‘మనవాడే, ఎప్పటి నుంచో ఇస్తున్నాడు’ అన్న మాటకు మించిన సర్టిఫికెట్ లేదు. నమ్మకం విలువైనదే, కాదనం. కానీ మనవాడు తన సరుకు ఎవరి దగ్గర తెస్తున్నాడో మనం ఏనాడైనా అడిగామా?

అడగకపోతే ఏమవుతుందో మిర్చికి తెలిసినంతగా మరో పంటకు తెలియదు. 2003లో భారత్ నుంచి ఐరోపాకు వెళ్లిన కారం పొడిలో సూడాన్-1 అనే రంగు బయటపడింది. అది బట్టలకు, మైనాలకు వాడే రంగు, తినేది కాదు. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఒక సాస్ తయారీలో వాడిన పాత కారం పొడిలో అదే రంగు దొరికింది. ఆ సాస్ సూపుల్లో, రెడీమేడ్ భోజనాల్లో, ఇంకా ఎన్నిట్లోనో కలిసిపోయి ఉండటంతో 400కు పైగా ఉత్పత్తులను దుకాణాల్లోంచి వెనక్కి తెప్పించారు. ఆ రెడీమేడ్ భోజనం తయారుచేసినవాళ్లు కారం పొడి కొననే లేదు, సాస్ కొన్నారు. అయినా నష్టం వాళ్ల నెత్తినే పడింది. మన మిర్చి ఎగుమతికి సూడాన్, అఫ్లాటాక్సిన్ పరీక్షలను స్పైసెస్ బోర్డు తప్పనిసరి చేసింది ఇలాంటి దెబ్బలు తిన్నాకే. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్, సింగపూర్‌లలో మన దేశపు పేరున్న మసాలా బ్రాండ్ల పొడుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ (క్రిములను చంపే రసాయనం) ఉందంటూ అమ్మకాలు ఆపించినప్పుడూ మొదట తలెత్తిన ప్రశ్న ఇదే: ఆ రసాయనం ఏ దశలో, ఎవరి చేతిలో కలిసింది?

గుంటూరులో ఈ ప్రశ్నకు జవాబు దొరకడం కష్టం. ఒక కొట్లో పది మంది రైతుల టిక్కీలు దిగుతాయి. అవి కమీషన్ ఏజెంటు ద్వారా వ్యాపారికి, అక్కడి నుంచి కోల్డ్ స్టోరేజీకి, ఆరు నెలల తర్వాత మరో వ్యాపారికి, చివరికి పొడి కొట్టే మిల్లుకు చేరేసరికి ఏ సంచి ఏ ఊరిదో చెప్పేవాడుండడు. తేజ అనో, 334 అనో రకం పేరు మిగులుతుంది, మనిషి పేరు మిగలదు. లాటు ఫెయిలైతే తిట్లు మాత్రం ‘రైతులంతే’ అని గంపగుత్తగా రైతు మీదికి వస్తాయి. పట్టా వేసి, కప్పి, ఏరి, తొడిమ చూసి తెచ్చిన రైతుకూ, నీళ్లు చల్లి తెచ్చిన రైతుకూ దక్కే ధరలో పెద్ద తేడా లేనప్పుడు మొదటి రైతు మాత్రం ఎన్నేళ్లు ఆ శ్రమ పడతాడు?

ఇందులో ఇంకో మోసం ఉంది. నాణ్యత అనే మాటను ధర కోయడానికి కత్తిలా వాడటం. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి సీజన్లలో ‘తేమ ఉంది, తాలు ఉంది’ అన్న మాట యార్డులో ఎక్కువగా వినపడుతుంది. ధర పెరిగిన ఏడాది అదే కాయకు తేమ ఉండదు, తాలు ఉండదు! దీన్ని మదింపు అనరు. నిజమైన మదింపులో కొలత ముందే చెప్పాలి. తేమను మీటరు పెట్టి కొలిచి చీటీ మీద రాసివ్వాలి. ల్యాబ్ ఫలితం వ్యాపారి ఫైల్లోనే ఉండిపోకుండా రైతు చేతికీ రావాలి. మార్కులు వేసి, అవి విద్యార్థికి చూపించని పరీక్ష దేనికి?

మిర్చి ఒక్కటే కాదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టేవారినో, బ్రేకు పని చేసే మెకానిక్‌నో అడగండి. బిల్లు లేకుండా చవగ్గా దొరికే లైనరు ఎన్నాళ్లు వస్తుందో, కమాన్ కట్ట ఎక్కడ విరుగుతుందో వాళ్లకు బాగా తెలుసు. అయినా ఓనరు చవకదే వెయ్యమంటాడు. బండి ఘాట్ రోడ్డులో ఆగిపోతే పోయే కిరాయిని ఆ లైనరు ధరలో ఎవరూ కలపరు కదా.

చిన్న పచ్చళ్ల యూనిట్ సంగతి చూద్దాం. ఊరికే లెక్క కోసమే. ఆవకాయ సీజన్‌కు పది వేల ప్లాస్టిక్ జార్లు కావాలి. ఒకడు జారు 11 రూపాయలకిస్తానన్నాడు, ఇంకొకడు 12.50 అన్నాడు. మొదటివాడి దగ్గర కొంటే 15 వేలు మిగులు. కానీ అతని మూతల్లో నూటికి మూడు వదులుగా ఉండి నూనె కారితే పాడయ్యేవి 300 జార్లు. జారుకు 150 రూపాయల పచ్చడి చొప్పున 45 వేలు గోవిందా. అమెరికా కొరియర్ పెట్టె మొత్తం నూనెలో తడిస్తే కొరియర్ ఖర్చు, కస్టమర్ తిట్లు అదనం. ముందుగా వంద జార్లు తెప్పించి, నూనె పోసి, తలకిందులుగా ఒక రాత్రి వదిలేస్తే ఈ సంగతి తెల్లారేసరికి తేలిపోయేది. పెద్ద కంపెనీలు ఇదే పనికి స్కోర్‌కార్డులు, ఆడిట్లు అని పేర్లు పెడతాయి. చిన్నవాళ్లకు ఒక నోటుబుక్కు చాలు: ఎవరు ఏ తేదీకిస్తామన్నారు, ఏ తేదీకిచ్చారు, ఎన్ని వెనక్కి పంపాం, వెనక్కి పంపినప్పుడు మాట ఎలా మాట్లాడారు. ఈ చివరి గడిని తీసేయొద్దని మా సలహా. తప్పు జరిగినప్పుడు ఫోనెత్తే సప్లయర్ రెండు రూపాయలు ఎక్కువడిగినా దండగ కాదు.

ప్రైవేటు వ్యాపారి తన డబ్బుతో తప్పు చేస్తాడు. ప్రభుత్వం చేసే తప్పుకు జనం డబ్బు పోతుంది. మన టెండర్లలో ఎల్1, అంటే అందరికన్నా తక్కువకు కోట్ చేసినవాడే దేవుడు. 2019లో ఈ రాష్ట్రంలో రివర్స్ టెండరింగ్ (వచ్చిన తక్కువ ధర మీద మళ్లీ వేలం పెట్టి ఇంకా తగ్గించే పద్ధతి) తెచ్చారు, 2024లో ప్రభుత్వం మారాక ఎత్తేశారు. రెండు పార్టీలూ గట్టిగా వాదించుకున్నాయి, కానీ వాదనంతా ఎంత మిగిలిందన్నదాని చుట్టే తిరిగింది. వచ్చిన పని, వచ్చిన సరుకు ఎలా ఉన్నాయన్న లెక్క ఎవరూ బల్ల మీద పెట్టలేదు. 2024లో రాష్ట్రాన్ని కుదిపేసిన తిరుమల నెయ్యి వ్యవహారంలో బాధ్యులెవరో తేల్చడం దర్యాప్తు సంస్థల పని. మేము మాట్లాడేది అందులో బయటపడ్డ కొనుగోలు పద్ధతి గురించి. కిలో ఆవు నెయ్యి 320 రూపాయల లోపు ధరకు వస్తుందంటే, పాల ధర తెలిసిన ఏ గృహిణికైనా అనుమానం రావాలి. అంత నెయ్యి కొనే చోట కల్తీని పట్టే సొంత ల్యాబ్ లేదని అధికారులే ఒప్పుకున్నారు. మరీ తక్కువ ధర వచ్చినప్పుడు సంబరపడటం మాని, అది ఎలా గిట్టుబాటవుతోందో లెక్క చూపించమని అడిగే నియమం ప్రతి టెండరులో ఉండాలి.

దారి లేక కాదు. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో ఇచ్చిన మార్గదర్శకాలు నాణ్యత ముఖ్యమైన పనుల్లో, సేవల్లో ధరతో పాటు నాణ్యతకూ 30 శాతం వరకు వెయిటేజీ ఇవ్వడానికి వీలు కల్పించాయి. అధికారులు ఆ జోలికి వెళ్లకపోవడానికి కారణం అందరికీ తెలిసిందే. ఎల్1కి ఇస్తే ఆడిట్ అడగదు, విజిలెన్స్ రాదు. మంచివాడని రెండో వాడికిస్తే పదేళ్ల తర్వాత కూడా సంజాయిషీ రాసుకోవాలి. నిజాయితీపరుడైన ఇంజినీరుకు ఉన్న ఈ టెన్షన్‌ను తీసేయకుండా నాణ్యత గురించి ఎన్ని సర్క్యులర్లు ఇచ్చినా వృథా. మార్కులు వేసే పద్ధతి ముందే ప్రకటించి, వేసిన మార్కులు అందరికీ కనిపించేలా పెడితే సగం భయం పోతుంది, దాంతో పాటు సగం అవినీతి కూడా.

సప్లయర్లను జల్లెడ పట్టేవాళ్లు ఒక్కసారి తమ వైపూ చూసుకోవాలి. మంచి సప్లయర్ కూడా కొనేవాణ్ని అంచనా వేస్తాడు. బిల్లు ఏడాది తిప్పే ఆఫీసుకు వాడు కోట్ వెయ్యడు. వేసినా ఆ వడ్డీ అంతా రేటులో కలిపే వేస్తాడు. చివరికి మిగిలేది ఎలాగైనా బిల్లు పాస్ చేయించుకోగలనన్న ధీమా ఉన్నవాడు. వాడు సరుకులో ఏం కలుపుతాడో ఊహించడం కష్టమేం కాదు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలంటోంది. గడువు దాటిన బాకీని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోనివ్వకుండా 2024 ఏప్రిల్ నుంచి ఆదాయ పన్ను నిబంధన కూడా అమలులోకి వచ్చింది. అయినా చట్టం చూపించి బాకీ అడిగితే మళ్లీ ఆర్డరు రాదన్న భయంతో చిన్నవాళ్లు నోరు మెదపరు.

సప్లయర్‌తో సంబంధం ఎంత విలువైనదో టయోటాకు 1997లో తెలిసొచ్చింది. ఆ ఫిబ్రవరి 1న బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వును దాదాపు మొత్తం సరఫరా చేసే ఒకే ఒక్క ఫ్యాక్టరీ తగలబడింది. జపాన్‌లో టయోటా ప్లాంట్లు ఆగిపోయాయి. ఒక్కడి మీదే ఆధారపడటం ఎంత ప్రమాదమో అప్పుడు తేలింది. కానీ మిగతా సప్లయర్లు, ఆ వాల్వు ఎన్నడూ చేయని వాళ్లు కూడా, పిలిచిందే తడవుగా తమ యంత్రాల మీద దాన్ని తయారుచేసిచ్చారు. దాదాపు వారంలో కార్లు మళ్లీ కదిలాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో చాలా కాలనీలు నీళ్లలో ఉన్నప్పుడు, గోడౌన్ మునిగిన వ్యాపారులకు అప్పు మీద సరుకు పంపింది ఎవరో, ఫోన్ స్విచాఫ్ చేసుకున్నది ఎవరో వాళ్లకు ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది.

కొత్త పంట యార్డుకు వచ్చేలోగా మార్కెట్ కమిటీ చేయగలిగిన పనులు రెండున్నాయి. ప్రతి లాటుకూ రైతు, ఊరు, ఆరబెట్టిన పద్ధతి తెలిపే నంబరు ఇచ్చి, ఆ నంబరు కోల్డ్ స్టోరేజీ దాటి మిల్లు వరకూ పోయేలా చూడటం ఒకటి. తేమ కొలిచిన చీటీ లేకుండా నాణ్యత పేరుతో ధర తగ్గించకూడదని కచ్చితంగా చెప్పడం రెండోది. ఎగుమతిదారులు తమ వంతుగా, పట్టాల మీద ఆరబెట్టిన కాయకు క్వింటాలుకు ఎంత ఎక్కువిస్తారో కాయ కోతకు ముందే ప్రకటించాలి. ఇక రాష్ట్ర ప్రభుత్వం హాస్టళ్లకు, అంగన్‌వాడీలకు, ఆసుపత్రులకు సరుకులు ఇచ్చే ప్రతి సప్లయర్ రికార్డునూ, ఎన్నిసార్లు ఆలస్యం, ఎన్నిసార్లు తిరస్కరణ, ఎంత జరిమానా అన్న వివరాలతో వెబ్‌సైట్‌లో పెట్టాలి. అదే పేజీలో ఆ సప్లయర్‌కు తాము ఎన్ని రోజులకు డబ్బు చెల్లించారో కూడా రాయాలి.