‘మావాడు చూసుకుంటాడు లెండి’ అంటే సరిపోతుందా?

ఒక్కరే సొంతంగా ప్రాక్టీసు నడుపుకునే ఆడిటర్‌నో లాయర్‌నో అడిగి చూడండి, "రేపు మీరు మంచాన పడితే క్లయింట్ల సంగతేంటి?" అని. "ఫలానావాడున్నాడుగా, చూసుకుంటాడు లెండి" అంటారు. ఆ ఫలానావాడికి ఈ సంగతి తెలుసా అంటే, అదీ అనుమానమే! క్లయింట్లకు మాత్రం రిస్కుల గురించి గంటల తరబడి క్లాసు పీకుతారు.

పోయాక ఏమవుతుందో కొందరైనా ఆలోచిస్తారు, వీలునామా రాస్తారు. అసలు చిక్కు మనిషి బతికే ఉండి, మాట్లాడలేని స్థితిలో ఉన్నప్పుడు. మూడు వారాలు ఐసీయూలో ఉన్నారనుకోండి. వీలునామా ఎందుకూ పనికిరాదు. అప్పీలు గడువు ఆగదు, రిటర్ను ఆఖరి తేదీ ఆగదు. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు గానీ, అడగడానికైనా ఓ మనిషి ఉండాలిగా. మామూలు పవర్ ఆఫ్ అటార్నీ ఉందంటారేమో, అది ఇచ్చినాయన పోగానే చెల్లదు. చాలాచోట్ల ఆయన నిర్ణయం తీసుకునే శక్తి కోల్పోయినా చెల్లదు, దానికి వేరే రకం పత్రం ఉండాలి.

ఆఫీసులో పరిస్థితి ఇంకా ఘోరం. ఓటీపీ సారు ఫోన్‌కి వస్తుంది, ఫోనేమో స్విచాఫ్. డిజిటల్ సంతకం టోకెన్ (పెన్‌డ్రైవ్ లాంటిది) సొరుగులోనే ఉంటుంది. పాస్‌వర్డ్ జూనియర్‌కి తెలుసు. పెట్టేయనా అని చెయ్యి లాగుతుంది. స్పృహలో లేని మనిషి సంతకం ఇంకొకరు పెట్టడాన్ని సాయం అనరు బాబూ, కేసవుతుంది.

ఏసీసీఏ అనే అంతర్జాతీయ అకౌంటెంట్ల సంస్థ, ఒక్కరే ప్రాక్టీసు చేసే సభ్యులు, తాము పనిచేయలేకపోతే ప్రాక్టీసు చూసుకునేలా మరొకరితో ముందే రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలని నిబంధనే పెట్టింది. అలాంటి నిబంధన లేనివాళ్ళకి అడ్డేముంది? అదే అర్హత, చెల్లుబాటులో ఉన్న లైసెన్సు ఉన్న మనిషి కావాలి. ఎప్పుడు రంగంలోకి దిగాలో, ఎవరు పిలవాలో, ఫీజు ఎవరికి చెందుతుందో, కోలుకున్నాక క్లయింట్లను తిరిగి అప్పగించాలో లేదో అన్నీ కాగితం మీద ఉండాలి. స్నేహితులు కదా అని ఈ ఆఖరి ముక్క వదిలేస్తారు, తర్వాత తగువంతా దాని దగ్గరే.

క్లయింటు అనుమతి కూడా ముందే తీసుకోవాలి. నమ్మి చెప్పిన రహస్యాలున్న ఫైలు ఇంకొకరి చేతికి ఊరికే ఇచ్చేయలేం. పని ఒప్పుకునే లెటర్‌లోనే ఒక వాక్యం చేరిస్తే తీరిపోతుంది.

ప్రాక్టీసు మూతపడ్డా పాత పని మీద దావాలు రావొచ్చు. వృత్తి బాధ్యత బీమా చాలావరకు దావా వచ్చిన నాటికి పాలసీ అమల్లో ఉంటేనే పనిచేస్తుంది. మూసేశాక కూడా కాపాడే రన్-ఆఫ్ కవర్ సంగతి ఇంట్లోవాళ్ళకి ఎవరు చెబుతారు?

ప్రతి ఫైలు పైన ఓ చీటీ పెట్టండి చాలు: తర్వాతి తేదీ, మిగిలిన పని, ఒరిజినల్స్ ఎక్కడున్నాయో. కొత్త మనిషి ముందు వెతికేది అదే.

అన్నట్టు, అరవై దాటిన ఇద్దరు మిత్రులు ఒకరికొకరు ప్రత్యామ్నాయమని రాసుకోవడం కూడా చూస్తున్నాం. కాస్త చిన్న వయసువాళ్ళని చూసుకోండి సార్!