వెనక బెంచీలో ఎవరు కూర్చుంటారు?

పోయిన ఆదివారం గుంటూరు నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. అక్కడ సాయంత్రం ఆరు, ఇక్కడ మెల్‌బోర్న్‌లో రాత్రి పదిన్నర. "అక్కా, రెండు ఆఫర్లున్నాయి. ఒకటి వియత్నాం, ఇంకోటి మాల్దీవులు. వియత్నాంలో జీతం బాగా ఎక్కువ. ఏ దేశం వెళ్ళమంటావు?" అంది. ఎమ్మే ఇంగ్లీషు అయింది, రెండేళ్ళ బీఈడీ అయింది, బ్రాడీపేటలో ఒక స్కూల్లో ఏడాదిగా ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఇంగ్లీషు చెబుతోంది.

"రెండు చోట్లా నీ క్లాసులో వెనక బెంచీలో ఎవరు కూర్చుంటారు?" అని అడిగాను.

దానికి అర్థం కాలేదు. నువ్వు పాఠం చెబుతుంటే వెనక కూర్చుని చూసి, పీరియడ్ అయ్యాక పక్కకు పిలిచి, ఇక్కడ బాగుంది, ఇక్కడ తప్పిందని చెప్పే సీనియర్ ఎవరైనా ఉన్నారా అని విడమరిచి చెప్పాను. అడగలేదంది. ఇద్దరికీ మెయిల్ పెట్టి అడగమన్నాను. పరాయి దేశంలో ఇంగ్లీషు టీచరుగా మొదటి ఉద్యోగం ఎంచుకునే మన పిల్లలకు నేను చెప్పేది ఇదే. ముందు ఆ మనిషి ఉన్నారో లేదో చూసుకోండి, తర్వాత వీసా కాగితం మీద యజమాని పేరు చూసుకోండి. దేశమూ జీతమూ ఆ రెండూ తేలాకే.

2011లో నాకీ సంగతి తెలియదు. శంకర్ విలాస్ సెంటర్‌కు కాస్త దూరంలో ఉన్న ఒక కన్సల్టెన్సీలో నాన్న 80 వేలు కట్టారు. అమ్మ గాజులు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు. "థాయ్‌లాండ్‌లో టీచర్ ఉద్యోగం, బ్యాంకాక్ పక్కనే" అన్నారు. తీరా దిగాక ఆ పక్క ఊరు ఉదోన్ థానీ అని తేలింది. బ్యాంకాక్ నుంచి ఐదొందల అరవై కిలోమీటర్లు. నా పాస్‌పోర్టులో ఉన్నది 60 రోజుల టూరిస్టు వీసా. వర్క్ పర్మిట్ "వస్తోంది" అనేవారు. ఐదు నెలలూ అదే మాట. వీసా గడువు దగ్గరపడగానే బస్సెక్కి నోంగ్ ఖాయ్ వెళ్ళడం, మెకాంగ్ మీద వంతెన దాటి లావోస్ రాజధాని వియంటియాన్‌లో థాయ్ కాన్సులేటు ముందు లైన్లో నిలబడడం, కొత్త స్టాంపుతో తిరిగి రావడం. అక్కడి టీచర్లు దీన్ని వీసా రన్ అంటారు. వీధిలో పోలీసు జీపు కనబడితే మమ్మల్ని మేడమీదికి పొమ్మనేవారు.

భయం సంగతి సరే. అంతకంటే ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. ఆ ఐదు నెలల్లో నా పాఠం గురించి ఒక్కరు ఒక్క ముక్క చెప్పలేదు, మంచిగానూ చెడ్డగానూ. వెళ్ళిన మర్నాడే నలభై మంది పిల్లల ముందు నిలబెట్టారు. పుస్తకం లేదు, సిలబస్ లేదు. రోజూ గొంతు పోయేలా మాట్లాడి గదికొచ్చి పడుకునేదాన్ని. నేర్పుతున్నానో లేదో నాకే తెలిసేది కాదు.

ఆరో నెలలో అదే ఊళ్ళో ఇంకో స్కూలు దొరికింది. ఇంగ్లీషు విభాగానికి హెడ్ ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ. పనిచేయడానికి థాయ్‌లాండ్ ఇచ్చే నాన్ ఇమిగ్రెంట్ బి వీసాకి కావాల్సిన కాగితాలన్నీ పెట్టించి, ఆ వీసా చేతికొచ్చి, వర్క్ పర్మిట్ పూర్తయ్యాకే నన్ను క్లాసులోకి పంపింది. రెండో వారం నోట్‌బుక్ పట్టుకుని వచ్చి వెనక కూర్చుంది. పీరియడ్ అయ్యాక ఒక కాగితం చేతిలో పెట్టింది. దాని మీద రెండే అంకెలు: 40, 31. పీరియడ్ నలభై నిమిషాలు, అందులో నేను మాట్లాడింది ముప్పై ఒకటి.

నాకు ఏడుపొచ్చింది. మేం డిగ్రీలో ఇంగ్లీషు నేర్చుకున్న తీరే అది. లెక్చరర్ చెబుతారు, మనం అనొటేషన్లూ ఎస్సేలూ రాసుకుంటాం. మాట్లాడడమే పాఠం చెప్పడం అనుకున్నాను. పిల్లలకు మిగిలిన ఆ తొమ్మిది నిమిషాలను ఇరవై చేయడానికి నాకు ఒక టర్మ్ పట్టింది.

ఆవిడ నేర్పినవాటిలో ఒక్కటి చెబుతాను. నేను "బస్సు" అంటే పిల్లలు "బత్" అనేవాళ్ళు. ఎన్నిసార్లు సరిదిద్దినా అంతే. ఒకరోజు ఆవిడ అడిగింది, "నీ నోట్లోంచి ఏం వస్తోందో ఎప్పుడైనా విన్నావా?" అని. ఆ రాత్రి ఫోన్లో రికార్డు చేసుకుని విన్నాను. మన తెలుగు మాట చాలావరకు అచ్చుతోనే ముగుస్తుంది కాబట్టి నేను చివర ఉకారం చేరుస్తున్నాను. రోడ్డు, బుక్కు, బస్సు. థాయ్ భాషలో మాట చివర సకారం నిలవదు, తకారంలా టక్కున ఆగిపోతుంది. కాబట్టి వాళ్ళు "బత్" అంటారు. నాదీ తప్పే, వాళ్ళదీ తప్పే. అసలు మాట మా ఇద్దరికీ మధ్యలో ఉంది.

మర్నాడు బోర్డు మీద మూడూ రాశాను, పిల్లలు చెప్పేది, నేను చెప్పేది, చెప్పాల్సింది. నా తప్పు కూడా బోర్డు మీద చూసి పిల్లలు నోరు తెరిచారు. చేతిని పాములా గాల్లో సాగదీస్తూ స్‌స్‌స్ అనమన్నాను, చెయ్యి ఆగేదాకా శబ్దం ఆగకూడదు. నేను చూపుడు వేలు పెదవులకు అడ్డం పెట్టుకున్నాను, ఉకారం జారిపోకుండా. వారం తిరిగేసరికి రెండో వరసలో ఒక పిల్ల లేచి, బస్ ఆలస్యమైంది టీచర్ అని ఇంగ్లీషులో తనంతట తాను చెప్పింది. ఆ స్‌స్ నాకింకా చెవిలో ఉంది.

పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడే కుర్రాడికి ఈ చిక్కు కనబడాలంటే ఎవరో చెప్పాలి. మనకు నాలుక ఎక్కడ తట్టుకుంటుందో స్వయంగా తెలుసు. కాశ్మీరు నుంచి వెళ్ళి అమెరికాలో స్థిరపడ్డ భాషావేత్త బ్రజ్ కాచ్రు 1985లోనే ఇంగ్లీషును మూడు వలయాలుగా (సొంత భాషగా మాట్లాడే దేశాలు, మనలా వలసపాలన వల్ల అలవాటైన దేశాలు, పరాయి భాషగా నేర్చుకునే దేశాలు) చూపించి, భారతదేశంలాంటి చోట్ల మాట్లాడే ఇంగ్లీషుకూ దాని నియమాలు, దాని గౌరవం ఉన్నాయని వాదించారు. అయినా ఉద్యోగాల బజారు ఆ మాట వినలేదు. నా స్కూల్లోనే, నాకున్న డిగ్రీయే ఉన్న ఇంగ్లండ్ అబ్బాయికి దాదాపు రెట్టింపు జీతం. దక్షిణ కొరియాలో ఇంగ్లీషు నేర్పడానికిచ్చే ఈ-2 వీసా మామూలుగా ఏడు దేశాల పౌరులకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా. 2010లో అమల్లోకొచ్చిన భారత్-కొరియా ఆర్థిక ఒప్పందం వల్ల టీచింగ్ అర్హతలున్న మనవాళ్ళకు సహాయ ఉపాధ్యాయులుగా ఒక చిన్న తలుపు తెరుచుకుంది, అంతే. ఇది అన్యాయం. మన పిల్లలు వెళ్ళేముందే ఈ అన్యాయం గురించి తెలుసుకోవాలి. వెళ్ళాక తెలిస్తే తమలోనే లోపం ఉందనుకుంటారు, నేననుకున్నట్టు.

సర్టిఫికెట్ల మాటకొస్తే, ఇంగ్లీషును పరాయి భాషగా నేర్పడానికి శిక్షణిచ్చే టెఫ్ల్ కోర్సులు, ఆన్‌లైన్లో కూర్చుని 120 గంటల్లో పూర్తిచేసేవి, బోలెడు. అలాంటి టీచర్లకే కేంబ్రిడ్జి వారిచ్చే సెల్టా సర్టిఫికెట్టు కోర్సు కూడా సుమారు 120 గంటలే. తేడా ఏమిటంటే సెల్టాలో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి, శిక్షకులు కూర్చుని చూసి మార్కులేస్తారు. మళ్ళీ వెనక బెంచీయే. ఖరీదు ఎక్కువ, అందరికీ అందదు. మన బీఈడీలోనూ టీచింగ్ ప్రాక్టీస్ ఉంది, కానీ డబ్బిచ్చి రికార్డులు రాయించుకుని పరీక్షకు మాత్రం వెళ్ళేవాళ్ళను నేను కళ్ళారా చూశాను. ఆ పని చేయకండి. గుంటూరులోనో బెజవాడలోనో ఒక ఏడాది నిజంగా పాఠం చెప్పండి. అక్కడ గొంతు పోగొట్టుకున్నా సాయంత్రానికి అమ్మ చేతి అన్నం ఉంటుంది.

ఏజెంట్ల విషయం ఇంకా గట్టిగా చెప్పాలి. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ సేవా రుసుం 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఏజెంటు రిజిస్టరయ్యాడో లేదో కేంద్ర ప్రభుత్వపు ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. మా నాన్న కాలంలో ఈ సంగతి చెప్పేవాళ్ళు లేరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు గానీ పాస్‌పోర్టు గానీ "మా దగ్గర భద్రంగా ఉంటాయి" అంటే ఆ గడప దిగి వచ్చేయండి. టూరిస్టు వీసా మీద రండి, తర్వాత మార్పిద్దాం అన్నా అంతే. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారంలో మన పిల్లల్ని డేటా ఎంట్రీ ఉద్యోగాలని తీసుకెళ్ళి సైబర్ మోసాలు చేయించారు. నేను అంత దూరం పోలేదు. కానీ అడ్డదారి కాగితాలతో ఊరుకాని ఊళ్ళో ఉన్నప్పుడు మనిషి నోరు ఎలా మూతపడుతుందో నాకు తెలుసు.

విదేశాల్లో ఉన్న మనం కూడా ఒక మాట మానుకోవాలి. ఊరినుంచి ఫోనొస్తే "ఏదో ఒకటి పట్టుకుని ముందు బయటపడు, తర్వాత చూసుకుందాం" అంటాం. ప్రేమతోనే అంటాం. మనలో చాలామంది అలాగే బయటపడ్డాం కూడా. కానీ ఫోనవతల ఉన్నది ఇరవైల్లో ఉన్న పిల్ల, కాంట్రాక్టు ఇంగ్లీషులో పది పేజీలు. ఆ పది పేజీలూ దాంతో కలిసి చదవడానికి మనకు ఒక ఆదివారం చాలు.

బుధవారానికి జవాబులొచ్చాయి. వియత్నాం భాషా కేంద్రం, టికెట్టు ఎప్పుడు బుక్ చేసుకుంటున్నారని అడిగింది, మూడు నెలలు టూరిస్టు వీసా మీద పనిచేయాలంది. అక్కడి చట్టం ప్రకారం వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టాల్సింది యజమానే. ఆ దేశంలో పద్ధతిగా నడిపే స్కూళ్ళు చాలా ఉన్నాయి, ఇది వాటిలో ఒకటి కాదు. మాల్దీవుల స్కూలు నుంచి విభాగం హెడ్ స్వయంగా రాసింది: మొదటి నెలలో మూడుసార్లు వచ్చి చూస్తాను, ఆపైన టర్మ్‌కు రెండుసార్లు, మీరూ నా క్లాసుకు వచ్చి చూడవచ్చు అని. జీతం తక్కువే. ద్వీపం చిన్నది, శుక్ర శనివారాలు సెలవు. మా పిన్నికి మాత్రం చుట్టూ సముద్రమని బెంగ.

అమ్మాయి ఇంకా సంతకం చేయలేదు. ఈ ఆదివారం ఇద్దరం ఫోన్లో కూర్చుని కాంట్రాక్టు మళ్ళీ చదవాలి. నాలుగో పేజీలో, మధ్యలో మానేస్తే వచ్చిన టికెట్టు డబ్బు ఎవరు కట్టాలో సరిగ్గా రాయలేదు. అది రాయించుకోవాలి.